ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు చెప్పారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా అత్తగారు ఎనిమిదేళ్లుగా ఒక రామచిలుకను పెంచుతున్నారు. దాన్ని మనవరాలిలా చూసుకుంటారు. వేరుశెనగ గింజ నోట్లో నమిలి పెదాల మీంచే తినిపిస్తారు. బరంపురంలో చదువుకుంటున్న మా అబ్బాయి దసరా సెలవులకు వస్తూ అక్కడి షాపులో ఒక జత కాకటీల్స్ (ఒక రకం విదేశీ చిలుకలు) కొనుక్కొచ్చాడు. పది రోజులు తిరక్కుండానే వాటిలో ఒకటి తిండి మానేసి, ఈకలు ఉబ్బించుకుని ఓ మూల కూర్చుని, ముక్కు కారుతూ చచ్చిపోయింది. పెరట్లో పాతిపెట్టాం. ఆ తర్వాత వారానికి అత్తగారికి జ్వరం పట్టుకుంది. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, షుగరు ఉంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు. మలేరియా పరీక్షలో ఏమీ లేదన్నారు. అయిదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు చేసినా జ్వరం పూర్తిగా దిగలేదు. చిలుకల వల్ల టీబీ వస్తుందని వాట్సాప్‌లో ఎవరో పంపారు. మా వారు చిలుకను వదిలేద్దామంటున్నారు, అత్తగారు ససేమిరా అంటున్నారు. మా ఆడపడుచుకు ఇప్పుడు అయిదో నెల. ఏడో నెలలో పురుటికి తీసుకురావాలి. ఈ జ్వరం చిలుకల వల్లేనా? బాగానే ఉన్న మా రామచిలుకకు జబ్బు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దాన్ని వదిలేయాలా? ఆడపడుచును తీసుకురావచ్చా?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మా, మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. వాటికి ముందు నేనొకటి అడుగుతాను. మీ అత్తగారిని చూస్తున్న డాక్టరుగారికి ఇంట్లో చిలుకలున్నాయనీ, వాటిలో ఒకటి ఈమధ్యే జబ్బు చేసి పోయిందనీ ఎవరైనా చెప్పారా? మీ ఉత్తరంలో మలేరియా పరీక్ష ఉంది, ఇంజెక్షన్ పేరు కూడా ఉంది. ఈ ఒక్క ముక్క మాత్రం ఎక్కడా లేదు. చెప్పి ఉండరనే నా అనుమానం. జ్వరమని ఆస్పత్రికి వెళ్లినవాళ్లు చిలుక సంగతి ఎందుకు ఎత్తుతారు?

రేపు పొద్దున్నే చేయాల్సిన మొదటి పని అదే. నోటితో చెప్పి ఊరుకోకండి, చీటీ రాసి చేతికివ్వండి. పర్లాకిమిడిలో మనవాళ్లకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు, నిజమే. కానీ అరవై ఎనిమిదేళ్ల ఆవిడ జ్వరం మగతలో చెప్పుకునేదంతా కటక్ వైపు నుంచి వచ్చిన డాక్టరుకు చేరుతుందని నమ్మకం ఏముంది? చీటీలో పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఇంట్లో రెండు చిలుకలున్నాయి, మూడోది ఫలానా తేదీన చనిపోయింది, ఈవిడే రోజూ పంజరం శుభ్రం చేస్తారు, జ్వరం ఫలానా తేదీన మొదలైంది, ఇది సిటకోసిస్ అయి ఉంటుందా? అంతే. ఆ చివరి మాట చూశాక డాక్టరు ఆలోచించే దారే మారిపోతుంది.

సిటకోసిస్ అంటే చిలుకల నుంచి మనుషులకు వచ్చే ఒక రకం న్యుమోనియా జ్వరం. దానికి కారణం క్లమీడియా సిటాసి అనే బ్యాక్టీరియా. ఆ పేరు ఫోన్‌లో వెతికితే సుఖవ్యాధుల గురించి ఏవేవో వస్తాయి. చూసి కంగారు పడకండి. అది అదే కుటుంబానికి చెందిన వేరే క్రిమి, దీనికీ దానికీ సంబంధం లేదు. ఈ చిలుకల క్రిమి పక్షి రెట్టలోనూ, ముక్కు, కళ్ల నుంచి కారే నీటిలోనూ, ఈకల పొడిలోనూ ఉంటుంది. రెట్ట ఎండి పొడి అయినా చావదు, నెలల తరబడి బతికే ఉంటుంది. ఆ పొడి గాలిలో లేచి మన ఊపిరిలోకి వెళ్తే చాలు. కరవక్కర్లేదు, గీరక్కర్లేదు. పీల్చిన తర్వాత సాధారణంగా అయిదు నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం మొదలవుతుంది. మీరు రాసిన తేదీలు ఈ లెక్కలో సరిగ్గా ఇముడుతున్నాయి. అందుకే మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాను. తేదీలు కుదిరినంత మాత్రాన జబ్బు అదేనని తేల్చి చెప్పను. అనుమానించడానికి మాత్రం అవి చాలు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, బాగానే ఉన్న రామచిలుక సంగతి. పక్షులు పెంచేవాళ్లందరూ దెబ్బతినేది ఇక్కడే. ఈ క్రిమి ఒంట్లో ఉన్న చిలుక నెలలు, ఒక్కోసారి ఏళ్ల పాటు చక్కగా తింటుంది, మాట్లాడుతుంది, ఈల వేస్తుంది. క్రిమి లోపల కణాల్లో దాగి ఉంటుంది. పక్షికి ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు రెట్టలో బయటపడటం మొదలవుతుంది. చోటు మారినా, బస్సులో ఇరుకు బుట్టలో ప్రయాణం చేసినా, ఇంట్లోకి కొత్త పక్షి వచ్చినా, ఈకలు రాల్చే కాలమైనా, గుడ్లు పెట్టినా, చలి పెరిగినా అంతే. కొన్నాళ్లు బయటపడుతుంది, మళ్లీ ఆగిపోతుంది. జబ్బు పైకి తేలితే మీరు రాసినట్టే ఉంటుంది. ఈకలు ఉబ్బించుకోవడం, నిద్రమత్తు, ముక్కు, కళ్లు కారడం, రెట్ట పచ్చగా నీళ్లగా మారడం, రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో కనిపించడం.

మీ ఇంట్లో ఏం జరిగి ఉంటుందంటే, రెండు దారులున్నాయి. కాకటీల్స్ షాపు నుంచే క్రిమితో వచ్చి ఉండవచ్చు. పది పంజరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాని రెట్ట కిందదానిలో పడే చోట ఇది అంటుకోవడం ఎంతసేపు? లేదా మీ రామచిలుకే ఎనిమిదేళ్లుగా దాన్ని మోస్తూ, కొత్త పక్షులు వచ్చిన కంగారుకు బయటపెట్టి ఉండవచ్చు. మొదటిదే ఎక్కువ సబబుగా ఉంది. అయినా మూడు పక్షులూ ఒకే వసారాలో, ఒకే గాలిలో గడిపాయి కాబట్టి, మిగిలిన రెండింటికీ అంటిందనే అనుకుని నడుచుకోవాలి. ఎనిమిదేళ్లుగా బాగుందనే ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1879లో స్విట్జర్లాండ్‌లో ఒకే ఇంట్లో ఏడుగురు ఇలా జబ్బు పడితే, యాకోబ్ రిటర్ అనే డాక్టరు దానికి ఇంట్లోని పక్షులే కారణమని గుర్తించాడు. ఆ ఏడుగురిలో ముగ్గురు పోయారు. 1929 క్రిస్మస్‌కు అమెరికాలోని అన్నాపొలిస్‌లో ఒకాయన భార్యకు కానుకగా చిలుకను కొన్నాడు. పండగ నాటికి చిలుక చచ్చిపోయింది. తర్వాత ఆమె, కూతురు, అల్లుడు ముగ్గురూ మంచం పట్టారు. మీ ఇంటి కథలాగే లేదూ? వాళ్లు ముగ్గురూ బతికి బట్టకట్టారు లెండి. కానీ ఈ జబ్బు సంగతి తేల్చడానికి వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో చిలుకల మీద పనిచేసిన చార్లెస్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే శాస్త్రవేత్త జబ్బు పడ్డాడు, ఆయన సహాయకుడు 1930 ఫిబ్రవరిలో చనిపోయాడు. పక్షుల గది గడప తొక్కనివాళ్లకు కూడా అదే భవనంలో జబ్బు సోకింది. అంతకుముందే, ఈ జబ్బు భయంతోనే అమెరికా అధ్యక్షుడు హూవర్ 1930 జనవరిలో చిలుకల దిగుమతి ఆపేయించాడు. అప్పట్లో యాంటీబయాటిక్స్ లేవు. సోకినవాళ్లలో నూటికి పదిహేను, ఇరవై మంది పోయేవారు. ఇప్పుడు సరైన మందు సమయానికి పడితే నూటికి ఒకరు కూడా పోరు. భయం నాకు జబ్బు గురించి కాదు, సరైన మందు పడకపోవడం గురించే.

ఎందుకంటారా? మన వైపు జ్వరం వస్తే డాక్టరు మొదట మలేరియా అనుకుంటాడు, తర్వాత టైఫాయిడ్, ఆ తర్వాత స్క్రబ్ టైఫస్, అంటే కంటికి కనపడనంత చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో పనిచేసే ఏ డాక్టరైనా అలాగే ఆలోచించాలి కూడా. ఆయన్ని నేను తప్పు పట్టను. మలేరియా మాట కూడా ఒక్క పరీక్షతో కొట్టిపారేయలేం. జ్వరం ఇంకా ఉంది కాబట్టి ఆశా దీదీతోనో ఆస్పత్రిలోనో రక్తపరీక్ష మళ్లీ చేయించండి. స్క్రబ్ టైఫస్‌కైతే ఒంటి మీద సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పొక్కు ఉండవచ్చు (అందరికీ ఉండదు), చంకలోనో గజ్జల్లోనో రొమ్ముల కిందో. ఆవిడ సిగ్గుపడి చూపించరు, మీరే స్నానం చేయించేటప్పుడు చూడండి. సిటకోసిస్‌కు అలాంటి గుర్తేమీ ఉండదు. తల పగిలిపోయేంత నొప్పి, వణుకుతో జ్వరం, పొడిదగ్గు, ఒక్కోసారి జ్వరం ఎంత ఉన్నా నాడి నెమ్మదిగా కొట్టుకోవడం. ఈ చివరి లక్షణం టైఫాయిడ్‌లోనూ ఉంటుంది కాబట్టి పొరపాటు పడటం తేలిక. స్టెతస్కోపుతో వింటే పెద్దగా ఏమీ వినపడదు, ఎక్స్‌రే తీస్తే మాత్రం ఊపిరితిత్తిలో మచ్చ కనపడుతుంది. ఇప్పటిదాకా ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే తీయమని అడగండి. తెల్ల రక్తకణాలు మామూలుగానే ఉన్నాయి, మరేం ఫరవాలేదని ల్యాబువాళ్లు అంటే దాంతో నిశ్చింతగా ఉండిపోవద్దు. ఈ జబ్బులో అవి తరచూ మామూలుగానే ఉంటాయి.

ఇక మందు. సెఫ్ట్రియాక్సోన్, అమాక్సిసిలిన్ లాంటివి చాలా న్యుమోనియాలకు బాగా పనిచేస్తాయి. ఇవి బ్యాక్టీరియా గోడను దెబ్బతీసే మందులు. ఈ క్రిమికి ఆ గోడే అంతంతమాత్రం, పైగా అది మన కణాల లోపల దూరి ఉంటుంది. అందుకే అయిదు రోజుల ఇంజెక్షన్లకూ జ్వరం లొంగలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. దీనికి పనిచేసేది డాక్సీసైక్లిన్. పాతమందు, చవకమందు. పెద్దవాళ్లకు మామూలుగా వంద మిల్లీగ్రాముల గుళిక రోజుకు రెండుసార్లు, పది నుంచి పద్నాలుగు రోజులు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం దిగడం మొదలవుతుంది. స్క్రబ్ టైఫస్‌కూ వాడేది ఇదే మందు. రెండు అనుమానాలకూ ఒకే గుళిక సరిపోవడం మన వైపు వాళ్ల అదృష్టమే అనుకోవాలి. అలాగని మెడికల్ షాపులో మీరే కొనుక్కుని వేసేయకండి. షుగరు ఉన్న పెద్దావిడ, ఇంకా ఏమేం మందులు వాడుతున్నారో చూసి డాక్టరే రాయాలి. రాశాక మాత్రం జ్వరం తగ్గిందని నాలుగో రోజున ఆపేయకూడదు, ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఈ గుళికను పాలతో వేసుకోకూడదు. క్యాల్షియం, ఐరన్ బిళ్లలకూ దీనికీ మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉండాలి. వేసుకున్నాక నిండు గ్లాసు నీళ్లు తాగి అరగంటైనా కూర్చోవాలి. వేసుకుని వెంటనే పడుకుంటే గుళిక గొంతు దిగక అక్కడే పుండు పడేలా మంట పుట్టిస్తుంది. మన పెద్దవాళ్లు రాత్రి మందులన్నీ పక్క మీద కూర్చుని ఒక్క గుక్కతో మింగేసి పడుకుంటారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

సిటకోసిస్‌ను నిర్ధారించే పరీక్షలు మామూలు ల్యాబుల్లో జరగవు. గొంతులోంచో కళ్లెలోంచో నమూనా తీసి పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేయాలి, లేదా కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు రక్తం తీసి పోల్చాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా మందు ఆపడం మంచి పద్ధతి కాదు. అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు మందు మొదలుపెట్టేస్తారు. ఒకవేళ ఆవిడకు ఆయాసం వచ్చినా, మాట తడబడి తికమకగా మాట్లాడినా, కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే అందులో 94 కన్నా తగ్గినా, ఇంక ఆలోచించకుండా బరంపురం మెడికల్ కాలేజీకో శ్రీకాకుళానికో తీసుకెళ్లండి. పాతపట్నం మీదుగా వెళ్లడమే మీకు దగ్గరైతే అటే వెళ్లండి. రాష్ట్రం మారుతుందని వెనకాడకండి. ఆ చీటీ మాత్రం వెంట ఉండాలి.

మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోవడం చాలా అరుదు. అత్తగారి కంచం, మంచం వేరు చేసి ఆవిడ్ని బాధపెట్టకండి. కానీ అదే వసారాలో తిరిగిన మీలో ఎవరికైనా ఈ రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, అదే చీటీతో అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పంజరం దగ్గరికి వద్దాం. మీ ఇంట్లో అది ఎలా శుభ్రం అవుతుందో నేను చూడకుండానే చెప్పగలను. పొద్దున్నే అత్తగారు పంజరం అడుగున పరిచిన న్యూస్‌పేపరు లాగి వసారా అంచున దులుపుతారు, గింజల పొట్టు ఉఫ్ మని నోటితో ఊదేస్తారు, ఎండిన రెట్టను చీపురుపుల్లతో గీకి, ఆ తర్వాత వసారా ఊడ్చేస్తారు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో ఎండ ఏటవాలుగా పడుతుంటే ఒకసారి గమనించండి, గాలిలో తేలే పొడి కంటికే కనిపిస్తుంది. దులపడం, ఊదడం, పొడిగా ఊడ్చడం ఈ మూడూ ఇవాళ్టి నుంచి బంద్.

ముందు పక్షులను వేరే గదిలోకి మార్చండి, ఫ్యాను ఆపండి. సర్ఫు కలిపిన నీళ్లు స్ప్రే సీసాలో పోసి పేపరు మీద, రెట్ట మీద బాగా తడిసేలా చల్లి కాసేపు నాననివ్వండి. పేపరును లోపలివైపుకి మడిచి చుట్టి, కవరులో పెట్టి మూతి కట్టి పారేయండి. పంజరం, నీళ్లగిన్నెలు సబ్బుతో తోమి, తర్వాత లీటరు నీళ్లలో ముప్పై మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అందులో ఫినాయిలు గానీ యాసిడ్ గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. బ్లీచ్ వాసన పూర్తిగా పోయేదాకా పక్షులను తిరిగి తేవొద్దు. వాటి ఊపిరితిత్తులు మనకన్నా చాలా సున్నితం. చేసేవాళ్లు చేతులకు గ్లౌజులు, మొహానికి ఎన్95 మాస్కు వేసుకోవాలి. కొంగు అడ్డం పెట్టుకుంటే ఈ పొడి ఆగదు. పక్షుల గిన్నెలు వంటింటి సింకులో కడగడం కూడా మానేయండి. చిలుక రెట్టలో సాల్మొనెల్లా లాంటి విరేచనాల క్రిములు కూడా ఉండొచ్చు. అన్నట్టు, ఈ పని మీ అత్తగారు చేయకూడదు, పిల్లలూ చేయకూడదు. మీ వారికి చిలుకను వదిలేయాలని అంత ఉంది కాబట్టి, ఈ రెండు నెలలూ ఆ డ్యూటీ ఆయనకే వేయండి.

పెదాల మీంచి గింజ తినిపించే అలవాటు పూర్తిగా మానిపించాలి. ఆవిడకు ఎలా చెప్పాలో తెలియకపోతే చిలుక క్షేమం పేరుతో చెప్పండి, అబద్ధమేమీ కాదు. మన నోట్లో ఉండే క్రిములు కొన్ని మనకు ఏమీ చేయవు గానీ చిలుకకు ప్రమాదం. మనవరాలి కోసమంటే వింటారేమో చూడండి.

పక్షుల పరీక్షకు మీ ఊరి పశువుల ఆస్పత్రిలో మొదలుపెట్టండి. గేదెలు, మేకలు చూసే డాక్టరుకు చిలుకలు ఏం తెలుస్తాయని అనుకోకండి. నమూనాలు తీసి పంపే పద్ధతి ఆయనకు తెలుసు. ఇంకా పెద్ద చోటు కావాలంటే మీకు దగ్గరలో విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఒడిశా వైపు భువనేశ్వర్‌లో ఉంది. కంటి, నోటి, మలద్వారపు స్వాబులతో (దూదిపుల్లతో తీసే నమూనాలతో) పాటు మూడు నాలుగు రోజుల రెట్ట కూడా కలిపి పంపడం మంచిది. క్రిమి రోజూ బయటపడదని చెప్పాను కదా, ఒక్కరోజు రెట్టలో లేదంటే పక్షిలో లేదని అర్థం కాదు. చిలుక ఆడా మగా అని ఈకతో డీఎన్ఏ పరీక్ష చేసే ప్రైవేటు ల్యాబులు కొన్ని ఈ పీసీఆర్ కూడా చేస్తాయి. మీ డాక్టరు ద్వారానే పంపండి.

పాతిపెట్టిన పక్షిని తవ్వే పని పెట్టుకోకండి. ఇక ముందు ఏదైనా చనిపోతే మాత్రం సబ్బునీళ్లతో ఈకలు తడిపి, రెండు కవర్లలో చుట్టి, ఐసు వేసిన డబ్బాలో పెట్టి అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

పక్షికి చికిత్స కూడా డాక్సీసైక్లినే, కానీ 45 రోజులు. ఎన్ని రోజులో చూశారు కదా! కోళ్ల మందుల షాపులో టెట్రాసైక్లిన్ పొడి కొని నీళ్లలో కలిపేసే అలవాటు మన వైపు బాగా ఉంది. ఆ చేదుకు చిలుక నీళ్లే తాగడం మానేస్తుంది, మందు సరిపడా లోపలికి వెళ్లదు. పైపైన క్రిమి అణిగి పరీక్షలో దొరక్కుండా పోతుంది, నెల తర్వాత మళ్లీ లేస్తుంది. దాగిన జబ్బును ఇంకాస్త లోతుగా దాచడమే అది. మోతాదు బరువును బట్టి పశువైద్యుడే చెప్పాలి. ఆ 45 రోజులూ పంజరంలోంచి కటిల్‌బోన్ (పక్షులు కొరకడానికి పెట్టే తెల్లటి క్యాల్షియం ఎముక), క్యాల్షియం దిమ్మ తీసేయాలి, అవి మందును ఒంటికి పట్టనివ్వవు. చికిత్స అయిన రెండు వారాలకు మళ్లీ పరీక్ష. నయమైన పక్షికి రక్షణ ఏమీ మిగలదు, శుభ్రం చేయని పాత పంజరంలోకే తిరిగి పెడితే మళ్లీ అంటుకుంటుంది.

ఇక వదిలేయడం. మీ వారితో గట్టిగా చెప్పండి, గాలిలోకి వదలొద్దు. ఎనిమిదేళ్లు పంజరంలో ఉన్న చిలుక బయట కాకులకు, పిల్లులకు ఆహారమవుతుంది. జబ్బు ఉంటే చెట్ల మీది చిలుకలకు కూడా పంచుతుంది. కానీ ఇందులో మీరు అడగని విషయం ఒకటుంది, చెప్పకుండా దాటేయలేను. రామచిలుక మన అడవి పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. కాకటీల్స్ ఆస్ట్రేలియా పక్షులు, వాటికి ఈ ఇబ్బంది లేదు. ప్రతి వీధిలోనూ ఓ రామచిలుక వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరనుకుంటాం. మీరే ముందుగా పర్లాకిమిడి అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లి, ఇలా పాత పక్షి ఉంది, అప్పగిస్తామని చెప్పడం మంచిది. అప్పగించేటప్పుడు ఇంట్లో జబ్బు పక్షి పోయిందన్న సంగతి దాచొద్దు. దాస్తే వాళ్ల దగ్గరున్న మిగతా పక్షుల్లో కలిపేస్తారు. అత్తగారికి ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ జ్వరం తగ్గి, కాస్త తేరుకున్నాకే ఈ మాట ఎత్తండి. కాకటీల్ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది, చికిత్స అయ్యాక దానికి మాటలు నేర్పే పని ఆవిడకే అప్పగించవచ్చు.

ఆడపడుచు విషయంలో నాకు రెండో మాట లేదు. ఇప్పుడు రావద్దు, ఒక్క పూట చూసి పోవడానికి కూడా వద్దు. గర్భిణికి ఈ జబ్బు వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదకు రావచ్చు. డాక్సీసైక్లిన్ గర్భిణులకు మామూలుగా ఇవ్వరు, అజిత్రోమైసిన్ లాంటివి వాడాల్సి వస్తుంది. దసరాకు ఆవిడ మీ ఇంటికి వచ్చి ఉంటే, ఆ సంగతి తన డాక్టరుకు ఇవాళే ఫోన్ చేసి చెప్పమనండి. ఏడో నెలకు తీసుకురావాలంటే లెక్క సరిపోతుంది. ఈ వారంలో చికిత్స మొదలుపెడితే 45 రోజులు, ఆ తర్వాత రెండు వారాలకు పరీక్ష, అంటే సుమారు రెండు నెలలు. ఫలితం బాగుండి, వసారా, గోడలు, పంజరం తడిగుడ్డతో పూర్తిగా శుభ్రమయ్యాక తీసుకురండి. ఆ తర్వాత కూడా పంజరం ఆవిడ పడుకునే గదిలోనో వంటింటి దగ్గరో ఉండకూడదు. పరీక్ష ఫలితం ఆలస్యమైతే పురుడు అత్తవారింట్లోనే పోసుకోనివ్వండి. ఆనవాయితీ తప్పిందని ఎవరైనా నసిగితే నసగనివ్వండి.

వాట్సాప్‌లో వచ్చిన టీబీ మాట సగం తలకిందులు. మనుషుల టీబీ చిలుకలకు అంటిన సందర్భాలున్నాయి. పక్షులకు వచ్చే టీబీ వేరే రకం, ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది సోకడం అరుదు. అయితే దగ్గు రెండు వారాలు దాటితే, చిలుకలున్నా లేకపోయినా, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా కళ్లె పరీక్ష చేయించుకోవాలి. చిలుక మీద నెపం పెట్టి అసలు టీబీని వదిలేసిన వాళ్లూ ఉంటారు. జ్వరం లేకుండా నెలల తరబడి పొడిదగ్గు, ఆయాసం ఉంటే అది ఈకల పొడి పడకపోవడం వల్ల ఊపిరితిత్తులు వాచే ఇంకో జబ్బు కావచ్చు. అది అంటువ్యాధి కాదు, యాంటీబయాటిక్స్‌కు తగ్గదు. దానికి ఛాతీ వైద్యుణ్ని కలవాలి.

చివరగా మీ అబ్బాయి. ఆ జతను మీ ఇంటికి తెచ్చేముందు ఒకటి రెండు రోజులైనా తన గదిలో ఉంచి ఉంటాడు. ఇవాళే ఫోన్ చేసి తనకు గానీ గదిలో ఉండే స్నేహితులకు గానీ జ్వరం, దగ్గు ఉన్నాయేమో కనుక్కోండి. ఉంటే, ఇదే చీటీ వాళ్లూ రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. ఆ షాపుకు వెళ్లి పక్షి పోయిందనీ, ఇంట్లో మనిషికి జ్వరమనీ చెప్పి రమ్మనండి. డబ్బులు తిరిగివ్వమనే గొడవ తర్వాత చూసుకోవచ్చు. ఇంకెప్పుడైనా కొత్త పక్షిని తెస్తే నెల రోజులు వేరే గదిలో ఉంచాలనీ, పాత పక్షుల పని అయ్యాకే దాని దగ్గరికి వెళ్లాలనీ కూడా అప్పుడే చెప్పండి.